తిరుగు ప్రయాణంలో అయిదుగురు

“ఓడ గదిలో మంచాలు నాలుగు. మీరూ నలుగురే. చక్కగా సరిపోతాయి,” అంది టికెట్ల అమ్మాయి.

“పోయేటప్పుడు నలుగురం. వచ్చేటప్పుడు అయిదుగురం,” అంది మాజోలా.

ఖేతివే బల్ల కింద అత్తగారి కాలు తొక్కింది. మాజోలా ఎదురు తొక్కింది, ఇంకాస్త గట్టిగా.

టికెట్ల అమ్మాయి ముఖం మారిపోయింది. “అలా కుదరదమ్మా. డర్బన్‌లో ఎక్కినవాళ్ళే మళ్ళీ డర్బన్‌లో దిగాలి. మధ్యలో దొంగచాటుగా ఎవర్నైనా ఎక్కించారో, మీతోపాటు నేనూ జైలుకి పోతాను.”

“నా కొడుకుని నేను ఇంటికి తెచ్చుకుంటే దొంగతనమా?” మాజోలా లేచి నిలబడింది.

“నలుగురికే రాయండి. ఆవిడ మాటలు పట్టించుకోకండి,” అంది ఖేతివే పళ్ళు బిగించి.

పిల్లలకు అదే మొదటి ఓడ ప్రయాణం. మొజాంబిక్ దాకా వెళ్ళి రావడం. ఇంకో ఇంట్లో అయితే ఆ నెలంతా పండగే. డర్బన్ పక్కనున్న ఉమ్లాజీలోని ఈ ఇంట్లో మాత్రం సంచీలో పెట్టే ప్రతి వస్తువుకీ ఒక యుద్ధం జరిగింది.

ఖేతివే వాంతుల మాత్రలు కొంటే, తన వంశంలో ఎవరికీ కడుపులో తిప్పదంది మాజోలా. ఆమె కోడి వేయించి డబ్బాకెత్తితే, ఓడలో తిండి వాళ్ళే పెడతారంది ఖేతివే.

“వాళ్ళు పెట్టే గడ్డి నా కొడుకు తినడు.”

“అయితే ఆయనకే పెట్టుకోండి. నా పిల్లల బట్టలకి నూనె అంటించకండి.”

“పిల్లలిద్దర్నీ ఒక్క మంచం మీద పడుకోబెట్టు. రెండోది వాడికి.”

“ఒక్క మంచం మీదైతే తెల్లారేదాకా తన్నుకుంటారు. ఆయన్నే నేల మీద పడుకోమనండి. తాగొచ్చిన రోజుల్లో వంటింటి నేల మీదేగా పడుకున్నది!”

“నా కొడుకు నేల మీదా? రెండేళ్ళు పరాయి చోట దిక్కూమొక్కూ లేకుండా పడున్నది చాలదా? అసలు వాడికి ఆ గతి పట్టించింది ఎవరే?”

ఎన్ని మాటలు అనుకున్నా చివరికి ఆవిడ ఇక్కడికే తెచ్చి నిలబెడుతుంది. ఆ గొంతు పిసికేయాలనిపించేది ఖేతివేకి.

రెండేళ్ళ కిందట, ఆ రోజు చిన్నవాడు అండీలే రెండో పుట్టినరోజు. కేకు బల్ల మీద ఉండగానే దుమిసానీ పనికి బయలుదేరాడు. ఖేతివే గుమ్మంలో నిలబడి వీధంతా వినేలా అరిచింది: “పోతే పో! మళ్ళీ ఈ గడప తొక్కావంటే ఊరుకోను!”

పెళ్ళయ్యాక దుమిసానీ ఆమె మాట విన్నది ఆ ఒక్కసారే.

“నాన్న వస్తే నా పళ్ళు చూపిస్తా,” అంది ఆరేళ్ళ లెతూ, ఊడిన ముందు పళ్ళ సందులో నాలుక పెట్టి. ప్రయాణానికి కొన్న ఈత బట్టలు ఇంట్లోనే వేసుకుని తిరుగుతోంది.

అండీలేకి తండ్రి ముఖం గుర్తు లేదు. “రానంటే?” అనడిగాడు.

ఖేతివేని రెండేళ్ళుగా తినేస్తున్న ప్రశ్న అదే. దుమిసానీ రానంటే ఆ ఇంట్లో తను తలెత్తుకు బతకలేదు. పిల్లలు కూడా ఏదో ఒక రోజు నానమ్మ అడిగిందే అడుగుతారు.

“రాకేం చేస్తాడు? తల్లిని, నేను పిలుస్తా,” అంది మాజోలా. “మీ అమ్మని నోరెత్తొద్దను, చాలు. ఏమే, ముందే చెప్తున్నా. తిరుగు ప్రయాణంలో నీతో ఒక్క మాట కూడా మాట్లాడను.”

“బతికించారు,” అంది ఖేతివే.

బయలుదేరే రోజున బట్టలో చుట్టిన పొడుగాటి మూట ఒకటి మాజోలా ఒళ్ళో పెట్టుకుంది. అండీలే దాని మీద చెయ్యి వేయబోతే ఫెడీమని కొట్టింది.

“నా కొడుకుని కొడతారా?”

“నీ కొడుకుని కొడితే నీకు మండిందే! మరి నాకు?”

ఓడరేవులో తనిఖీ చేసే పెద్దాయన కోడి డబ్బా లాగేసుకున్నాడు. మాజోలా ఆయన్ని అడ్డమైన తిట్లూ తిట్టింది. తరవాత మూట విప్పమన్నాడు. ఒక చివర తెరిచి చూశాడు. మారు మాట లేకుండా టోపీ తీసి, బట్ట సరిచేసి, రెండు చేతులతో తిరిగిచ్చాడు.

“వెళ్ళిరా తల్లీ,” అన్నాడు.

మర్నాడు పొద్దున ఓడ పైఅంతస్తులో పాటలు, జారుడుబండ, నీళ్ళలో కేరింతలు. పిల్లలిద్దరూ మాత్రం చెరోపక్క ఖేతివే పమిటలా భుజాన వేసుకున్న శాలువా పట్టుకుని నిలబడ్డారు. మాజోలా ఒడ్డునున్న ఇసుక కొండల్నే చూస్తోంది.

“కోసీ అఖాతం. ఇక్కడే,” అంది.

మూట విప్పింది. పిలవడానికి నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. ముసలి ముఖమంతా వణికింది గానీ మాట రాలేదు.

కోడలి వైపు తిరిగింది. కళ్ళలో అదే పగ.

“రావద్దన్నది నువ్వు,” అంది. “నువ్వే పిలు.”

ఖేతివే మూటలోంచి, పోయినవాళ్ళ ఆత్మను ఇంటికి మోసుకొచ్చే ముళ్ళకొమ్మను రెండు చేతులా అందుకుని, రెయిలింగు మీంచి వంగి, రెండేళ్ళ కిందట చేపల పడవతో సహా మొగుణ్ణి మింగి శవాన్ని కూడా ఇవ్వని ఆ నీళ్ళ మీదికి చాచి, “నోరు జారాను దుమిసానీ, నీ మంచం ఖాళీ చేసి ఉంచాం, ఈ కొమ్మెక్కి కూర్చో, ఇంటికి పోదాం” అంది.