చప్పుడు చేసే టైర్లు

"గిది తీస్కో అన్నా. ఆల్ టెరైన్. మంచుల జారది, కంకర మీద కోస్కపోదు. పైగా మెత్తగ పోతది, సప్పుడే ఉండది," అన్నాడు టైర్ల షాపు నరసింహ, టైరు మీద అరచేత్తో ఒక్కటి చరిచి.

భానుప్రకాష్ ఆ టైరు గాడుల్లోకి వేళ్ళు పోనిచ్చి మైమరచిపోయాడు. పక్కన, గట్టి మంచుకి కూడా పనికొస్తుందని చెప్పే మూడు శిఖరాల మధ్య మంచుపువ్వు గుర్తు. అది చూశాక మనిషి మోరిస్‌విల్ టైర్ల షాపులో ఉంటే ఒట్టు! తన పికప్ ట్రక్కులో, పైన్ చెట్ల నడుమ, కొండ మీది ఇంటికి వెళ్ళే కంకర రోడ్డు మీద, కురుస్తున్న మంచులో తేలిపోతున్నాడు.

ఆ ఇల్లు అతని పిచ్చి. క్యారీ పట్నంలో ఉన్నన్నాళ్ళూ దాన్నే కలవరించి, మొన్న వేసవిలో కొనేశాడు. కొండ కింద ఊళ్ళో ఉద్యోగం కూడా చూసుకున్నాడు. అయితే భార్య రజినికి ఒక మాటిచ్చాడు. "ఒక్క చలికాలం చూడు. నీకు నచ్చకపోతే అమ్మేసి తిరిగి క్యారీ వెళ్ళిపోదాం." అప్పట్నుంచీ ఆమె ఏమంటుందోనని అతని గుండె పీచుపీచుమంటూనే ఉంది.

"ఆ పక్కది ఎలా ఉంటుందన్నయ్యా?" అంది రజిని. అంతవరకూ మూల కుర్చీలో ఫోన్ చూసుకుంటున్న మనిషి లేచి వచ్చింది.

"అది గూడ మంచిదే వదినా, మంచుల జారది. గానీ జర లొల్లి ఎక్కువ. కంకర ఎక్కిందంటే బరబరమంటది. ఊరంత ఇనవస్తది."

"అయితే అదే వెయ్యండి."

భానుప్రకాష్ తెల్లబోయాడు. "చప్పుడు చేసేదెందుకు రజినీ?"

"మీరొస్తున్నట్టు నాకు ముందే తెలియాలి. మొన్న పిల్లిలా వచ్చి వెనక నిలబడితే ఎంత హడలిపోయానో! మలుపు దగ్గరే వినపడిందనుకోండి, మీరు పైకొచ్చేసరికి వేడివేడిగా టీ పెట్టేస్తాను కదా."

నరసింహ పడీ పడీ నవ్వాడు. "నీ అదృష్టం బాగుందన్నా! మా ఆమెకైతే నేనొచ్చిన సంగతి అన్నం తినేటప్పుడే తెలుస్తది."

భానుప్రకాష్ ముఖం చేటంత అయింది. లొల్లి టైర్లే వేయించుకున్నాడు.

నిజం చెప్పొద్దూ, ఆ రొద అతనికి సంగీతంలా ఉండేది. సాయంత్రం మలుపు తిరిగి కంకర ఎక్కగానే బరబరమని మొదలయ్యేది. పైకి చేరేసరికి రజిని గుమ్మంలో సిద్ధం. చేతిలో టీ కప్పు, అప్పుడే కడుక్కున్న మొహం, నుదుట కొత్త స్టిక్కర్, చెవుల పక్క ఇంకా ఆరని తడి. పెళ్ళైన కొత్తలో కూడా తన కోసం ఇంత ముస్తాబు కాలేదని తెగ మురిసిపోయేవాడు పిచ్చి మారాజు.

"ఎలా ఉంది మన కొండ?"

"బాగుందండీ."

"మరి ఉండిపోదామా?"

"చలికాలం కానివ్వండి, చెప్తాను," అని నవ్వేది.

డిసెంబర్లో ఒకరోజు మధ్యాహ్నం మంచు మొదలైంది. ఆఫీస్‌లో అందర్నీ తొందరగా పంపేశారు. మలుపు తిరిగేసరికి కంకర లేదు, రోడ్డు లేదు, అంతా దూది పరిచినట్టు తెల్లగా ఉంది. టైర్లు ఎక్కడా జారలేదు. నరసింహ మాట నిజమే. కానీ ఎంత దూరం వెళ్ళినా ఆ బరబర మొదలవలేదు. లోకమంతా నిద్రపోతుంటే తానొక్కడే ఎవరి కలలోకో నడుపుకుంటూ వెళుతున్నట్టుంది. అబ్బ, ఎంత హాయి! ఈ మంచు చూశాక రజిని మాత్రం క్యారీ పేరెత్తుతుందా? ఇవాళ ఆమె నోట "ఉండిపోదాం" అనిపించాల్సిందే.

గుమ్మంలో ఎవరూ లేరు. పాపం, వినపడి ఉండదు. ఒక్కసారిగా ఎదురుపడి ఆశ్చర్యపరుద్దామని మెల్లగా ట్రక్కు దిగి, నవ్వాపుకుంటూ, మంచులో అడుగులో అడుగేసుకుంటూ వంటింటి కిటికీ దగ్గరికి చేరాడు.

స్టవ్ మీద టీ గిన్నె లేదు.

బల్ల మీద తల వాల్చి రజిని వెక్కి వెక్కి ఏడుస్తోంది.