పాకెట్టు మీది పాప

పుంగనూరులో బడి గేటు పక్కనే మునిలక్ష్మమ్మ అంగడి.

పులుపునీళ్ల పాకెట్లకు పిల్లలు ఎగబడేవాళ్లు. పాకెట్టు మీద ఒక చిన్నపిల్ల నవ్వుతుంటుంది. గడ్డం మీద పుట్టుమచ్చ. అందుకే అందరూ వాటిని పాప పాకెట్లనేవాళ్లు.

తొంభై ఎనిమిదిలో ఒక మధ్యాహ్నం, బరువైన సంచితో ఎవరో మనిషి అంగడి ముందు ఆగాడు. మునిలక్ష్మమ్మ మనవరాలు స్వర్ణ పాకెట్టు మూల కొరికి చప్పరిస్తోంది.

"పాపా, నీ పండ్లు ఒకసారి సూపించమ్మా" అన్నాడు.

మునిలక్ష్మమ్మ మనసు మంచిదే. చెవులకే తొందరెక్కువ. పండ్లు అన్న మాట ఒక్కటే వినబడింది.

"ఏమప్పా, పండ్లమ్మల్లంటే సంతకు పో. నా అంగడి ముందర నీకేం పని?"

"ఈ పాకెట్లు అమ్మొద్దమ్మా. పిల్లోళ్లు ఇవి తాగతాంటే పండ్లు పాడైపోతాయి."

"నీ పండ్లు పాడైపోతే నేనేం సేయాల? ఇంకో ఊరు సూసుకో."

"అది కాదమ్మా..."

ఆమె చెంబెడు నీళ్లు అతని కాళ్ల ముందు కుమ్మరించింది. ఇంటర్వెల్ గంట మోగింది. పిల్లలు మూగారు. అతను సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

రెండేళ్లు గడిచాయి. స్వర్ణ చన్నీళ్లు తాగితే ఏడుస్తోంది. ముందు పండ్లు అరిగి పలచబడ్డాయి. మునిలక్ష్మమ్మ ఆమెను మదనపల్లె పండ్ల ఆసుపత్రికి తీసుకుపోయింది.

"రోజూ ఏం తాగుతుంది?" అడిగింది డాక్టరమ్మ సుమలత.

"మా అంగట్లో పులుపునీళ్ల పాకెట్టేనమ్మా. పాప పాకెట్లు రావడం ఆగిపోయినాక ఇంకో రకం తెచ్చి పెట్టినా. ఆ రంగు పండ్లకు అంటుకుంటాదని, తాగినెంటనే బొగ్గుపొడితో గట్టిగా తోమిస్తా."

డాక్టరమ్మ స్వర్ణ పెదవి ఎత్తి చూసింది.

"ఆ పులుపుకు పండ్ల పైపొర మెత్తబడుతుందమ్మా. దాన్ని మీరు బొగ్గుతో గీకేశారు. ఆ పొర మళ్లీ రాదు."

మునిలక్ష్మమ్మ అరచేతులు చూసుకుంది. ఇంత ప్రేమగా తోమింది తన చేతులే. పండ్లు పాడైపోతాయన్న మాట రెండేళ్ల తర్వాత ఇప్పుడు చెవికెక్కింది.

"ఒకాయన సెప్పినాడమ్మా. సంచి సూసి పండ్లమ్మేటోడనుకున్నా. తరిమేసినా."

మూలన చీటీలు రాస్తున్న అమ్మాయి తలెత్తింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే అడిగింది.

"పుంగనూరు బడి కాడేనా అవ్వా?"

"అవునమ్మా. నీకు తెలుసునా? యాడుండాడు? ఆయన కాళ్లు పట్టుకోవల్ల."

"పోయినేడు కాలం సేసినాడు. ఆ సంచిలో పండ్లు లేవవ్వా. అంగడంగడికీ తిరిగి ఎనక్కి తీసుకున్న పాకెట్లు."

"ఆయనకేం పట్టిందమ్మా, అట్లా తిరగను?"

అమ్మాయి నోటి మీది చెయ్యి తీసింది. గడ్డం మీద పుట్టుమచ్చ ఉంది. పై పండ్లు సగమే ఉన్నాయి.

"ఆ పాప పాకెట్లు సేసింది ఆయనే, మా నాయన. సేసినప్పుడల్లా రుచి సూసింది నేను."