డేరా కర్రలు

“మొన ఇంకా సన్నం కావల్ల బాషా. నేలలో దిగల్ల గదా,” అన్నాడు నారాయణ.

అమీర్ బాషా ఎర్రగా కాలిన ఇనుమును పటకారుతో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ప్రొద్దుటూరులో ఇరవై ఏళ్లుగా ఎద్దుల బండ్లు చేస్తున్నాడు. ఆరడుగుల గట్టి వెదురుకు కింద జానెడు ఇనప మొన బిగించమని అడిగినవాడు ఇంతవరకూ లేడు. అదీ ఒకటీ అరా కాదు, పన్నెండు.

“ఇంతకీ ఇవి దేనికి నారాయణప్పా?”

“చెప్తి గదా. బుధవారం మా ఊరికి టీకాల వ్యాను వస్తాది. దాని పక్కన నీడకు డేరా గుడ్డ కడతారు. గుడ్డను నిలబెట్టే కడ్డీలు పులివెందుల క్యాంపులో పోయినాయంట. కర్రలు నేను చేపిస్తాలేమ్మా అని మా పెద్దాయన డాక్టరమ్మకు మాటిచ్చినాడు.”

“మొనలెందుకు మరి?”

“మాది రాతినేల. మొన లేకుంటే యాడ దిగుతాది?”

“మీ ఊర్లో కమ్మరాయన లేడా?”

“జరమొచ్చి పండుకోనుండాడు. నీకేంది బాషా ఇన్ని ఆరాలు?”

ప్రతి ప్రశ్నకూ జవాబుంది. అదే అమీర్ బాషాను మరింత భయపెట్టింది. నారాయణది ముద్దనూరు దగ్గర పల్లె. ఆ ఊళ్లో పై వీధికీ కింద వీధికీ మూడేళ్లుగా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. నారాయణ పై వీధి పెద్దాయన మనిషి. కాదంటే ఏమవుతుందో అమీర్ బాషాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మధ్యాహ్నం సంగతి విని ఖమర్‌బీ గరిటె చేతిలో పట్టుకునే కూలబడింది.

“డేరా లేదు, గీరా లేదు. అవి ఈటెలు! బుధవారమే గదా జమ్మలమడుగు కోర్టులో కింద వీధి ఆదినారాయణ పై వీధోళ్ల మీద సాక్ష్యం చెప్పేది? ఆయప్పను బండిలో తీసుకపోయేది ఎవరనుకున్నావు? నా తమ్ముడు జియావుల్లా!”

“చెయ్యనంటే మన కొట్టానికి నిప్పు పెడతారు ఖమర్.”

“చేస్తే నా తమ్ముణ్ని పొడుస్తారు. నువ్వు చేసిచ్చిన కర్రతోనే.”

అమీర్ బాషా తిన్నది చాలని లేచి కొలిమి దగ్గరికి పోయి సుత్తి ఎత్తాడు. మనసు ఎంత వద్దన్నా పని చెడగొట్టడం ఆ చేతికి తెలియదు. మొనలు ఒకదానికంటే ఒకటి చక్కగా కుదిరాయి. సోమవారం నారాయణ వచ్చి పన్నెండు కర్రలూ కట్టగట్టి బండిలో వేసుకుని పోయాడు.

ఆ సాయంత్రమే అమీర్ బాషా బామ్మర్దికి కబురు పంపాడు. “బుధవారం నేను వచ్చిందాకా బండి కదిలించొద్దు. వ్యాను నా కళ్లతో చూడల్ల.”

బుధవారం మొదటి బస్సుకే ఆ పల్లెకు వెళ్లాడు. దారంతా కిటికీ కమ్మీని వదల్లేదు. ఊరి మొదట్లోనే బండి కట్టి ఉంది. జియావుల్లా ఎద్దుల దగ్గర నిలబడ్డాడు. బండిలో ఆదినారాయణ చిటపటలాడుతున్నాడు.

“పొద్దెక్కుతాంది బాషా. ఈపొద్దు నేను నోరు తెరవకుంటే నా అన్నను చంపినోళ్లు మీసాలు తిప్పుకుంటా ఇంటికొస్తారు.”

“ఒక్క గడియ ఆగు సామీ, నీకు పుణ్యముంటాది. వ్యానుంటే బడికాడి మిట్ట మీంచి తువ్వాల ఊపుతా. ఊపకుంటే ఎద్దుల్ని విప్పెయ్యి జియా.”

“పో బావా, బిరీన పో,” అన్నాడు జియావుల్లా. వాడి పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

అమీర్ బాషా పరుగెత్తాడు. బడి గోడ మలుపు తిరగబోతూ ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. అవతల ఏమీ లేకపోతే? అల్లాను తలచుకుని కళ్లు తెరిచాడు.

వ్యాను ఉంది.

దాని పక్కన పచ్చటి డేరా గుడ్డ గాలికి ఉబ్బుతోంది. గుడ్డ కింద డాక్టరమ్మ టీకాలు వేస్తోంది. పై వీధి ఆడవాళ్లు, కింద వీధి ఆడవాళ్లు ఒకే వరసలో చంకలో బిడ్డలతో నిలబడి సూది చూసి ఒకేలా జడుసుకుంటున్నారు. వాళ్ల తలల మీదుగా తను చేసిన కర్రలు కనిపించాయి. జనంలోంచి దూరి ఒకదాన్ని పట్టుకుని ఊపి చూశాడు. మొన మొత్తం నేలలో దిగిపోయి ఉంది. కదల్లేదు.

అమీర్ బాషాకు ఏడుపొచ్చింది, వెంటనే నవ్వూ వచ్చింది. నాలుగు రోజులుగా కంటి మీద కునుకు లేకుండా తనను తానే చంపుకున్నాడు. మిట్ట ఎక్కి రెండు చేతులతో తువ్వాల ఊపాడు. దూరాన ఎద్దులు కదిలాయి. బండి వంక దారిలోకి దిగి తుమ్మచెట్ల వెనక కనిపించకుండా పోయింది.

నారాయణను అనవసరంగా అనుమానించానే అని సిగ్గేసింది. ఒక మంచి మాట చెప్పి పోదామని వెతికాడు గానీ అతను అక్కడెక్కడా లేడు. గొంతు ఎండిపోయి వ్యాను దగ్గరికి వెళితే డ్రైవరు చెంబుతో నీళ్లిచ్చాడు.

“ఆ కర్రలు చేసింది నువ్వేనా?”

“నేనే సామీ,” అన్నాడు అమీర్ బాషా, చాలా రోజుల తర్వాత గర్వంగా.

“మేం అడిగిన నాలుగూ భలే కుదిరినాయి మేస్త్రీ!”