వాత

"పోలిరాజుకి వాతెట్టారు. నాకెందుకెట్టరో సెప్పండి డాక్టరమ్మా."

గదిలో అడుగుపెడుతూనే అడిగాడు నీలకంఠం. వేడినీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని వెనకాలే వచ్చిన భార్య కాశమ్మ అతని చొక్కా అంచు పట్టుకు లాగింది.

డాక్టర్ ఆశాజ్యోతిది గోదావరి వైపు. ఆవిడకి అర్థం కాలేదు. "వాతేంటండీ?"

"అదేనమ్మా. పక్కటెముకల సందులోంచి సూది దూర్చి, కరెంటెట్టి, లివర్లో మచ్చని కాల్చీడం. ఆడికీ నాకూ జబ్బొకటే. ఇద్దరికీ పెద్దపేగులో పుట్టి లివరుకెక్కింది. ఒకే రోజు కీమోకొత్తన్నాం, పక్కపక్క కుర్చీల్లో కూకుంటన్నాం. ఆడికి కాల్చి నన్నొగ్గేత్తారేటి? ఆడి కోడలు కీర్తన మీ స్కానింగు గదిలో పని సేత్తంది. అదేనా సంగతి?"

"ఊరుకో. అమ్మతో అలాగేనా మాటాడ్డం" అంది కాశమ్మ.

అతనెలా ఊరుకుంటాడు? పోలిరాజుకి ఆ సూది పడి నెల దాటింది. అన్నాళ్ళూ దాని ఊసెత్తని మనిషి, పోయినసారి కీమో నాడు ఉన్నట్టుండి మొదలెట్టాడు. నీలకంఠం స్కానింగు చేయించుకొచ్చి కుర్చీలో కూర్చున్నాడు, చేతికి సెలైను పెట్టారు. కీర్తన వచ్చి మామ చెవిలో ఏదో చెప్పి వెళ్ళింది. ఆ వెంటనే పోలిరాజు చొక్కా పైకెత్తాడు.

"సూడు బావా. ఆవగింజంత. కుట్టు కూడా నేదు. మీ తాతుంటే ఈ వాత సూసి మెచ్చుకునేవోడు."

అక్కడితో ఆగలేదు. ఎదుటి కుర్చీ వాళ్ళకి చూపించాడు, నర్సుకి చూపించాడు, టీ తెచ్చిన మనిషికీ చూపించాడు. నీలకంఠానికి లోపల భగ్గుమంది. ఏసీ గాలి తగలని కిటికీ పక్క కుర్చీ వాడికే. వాతా వాడికే.

తాత సంగతి వార్డులో చెప్పుకున్నది నీలకంఠమే. పసుపుకొమ్ము కాల్చి కామెర్లకి వాతలు పెట్టేవాడాయన. బతుకుతాడనుకున్న మనిషికే పెట్టేవాడు. కళ్ళు చూసి, గోళ్ళు నొక్కి, లాభం లేదనిపిస్తే కొమ్ము కింద పెట్టేసి, "తీసుకుపోండి, తినాలన్నది ఎట్టండి" అనేవాడు. ఆ మాట గొప్పగా చెప్పుకున్నప్పుడు, కొమ్ము తన ముందే కింద పెట్టేస్తారని నీలకంఠం అనుకోలేదు.

"నన్ను తీసుకుపొమ్మంటన్నారా అమ్మా?" ఈసారి గొంతు తగ్గింది. "ఉన్నమాట సెప్పీండి."

ఆశాజ్యోతి కంప్యూటరు తెర అతని వైపు తిప్పింది. "ఇది కీమో మొదలెట్టకముందు తీసిన స్కాను. ఈ నల్లటి మచ్చలు మూడూ చూశారా? ఇదేమో పోయినసారి కీమో నాడు తీసింది. ఇందులో ఎక్కడున్నాయో చూపించండి."

పోర్టులో తను నడిపే క్రేను క్యాబిన్లోంచి కింద కంటైనరు కొక్కెం వెతికినట్టు, కళ్ళు చిన్నవి చేసుకుని తెరంతా వెతికాడు నీలకంఠం.

"కనపళ్ళేదమ్మా."

"నాకూ కనపళ్ళేదు. మందుకే కరిగినట్టున్నాయి. కనపడని మచ్చకి సూది ఎక్కడ గుచ్చమంటారు? జబ్బు పూర్తిగా పోయిందని నేననట్లేదండీ. స్కానుకి దొరకనిది మిగిలుండొచ్చు. కీమో ఇంకొన్నాళ్ళు పడాలి, స్కానింగులు తప్పవు. మళ్ళీ ఏదైనా తేలితే అప్పుడు కాల్చే సంగతి చూద్దాం."

"సింహాద్రి అప్పన్నా" అంటూ కాశమ్మ ఫ్లాస్కుని గుండెకి హత్తుకుంది.

నీలకంఠానికి అప్పన్న గుర్తుకు రాలేదు. పోలిరాజు మొహం గుర్తుకొచ్చింది. ఈ కబురు వింటే ఆ మొహం ఎలా మాడిపోతుందో చూడాలి. వార్డుకి నడుస్తూ మాట సిద్ధం చేసుకున్నాడు. 'నీకంటే కాల్చాల్సొచ్చింది బావా. నాకు కాల్చడానికేటీ నేదు.' రెండుసార్లు లోలోపల అనుకుని చూసుకున్నాడు. బాగానే ఉంది.

పోలిరాజు కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. సెలైను దిగుతోంది. ఇందాక ఎవరికో వాత చూపించినట్టున్నాడు, చొక్కా తెరిచే ఉంది. ఖాళీగా ఉన్న చేత్తో బొత్తాం పెట్టుకోబోతున్నాడు. అది పట్టు దొరక్క జారిపోతోంది. మళ్ళీ పట్టుకుంటున్నాడు, మళ్ళీ జారిపోతోంది. ఆటోనగర్లో లేతు మిషను మీద, ఇనుములో వెంట్రుకవాసి తేడా కూడా వేలితో తడిమి చెప్పేసే మనిషి. కీమోకి ఆ వేళ్ళు మొద్దుబారిపోయాయి.

నీలకంఠం దగ్గరికెళ్ళి ఆ చెయ్యి పక్కకి తప్పించాడు. వాత మీదుగా చొక్కా సర్ది, తనే ఒక్కొక్క బొత్తామూ పెట్టసాగాడు.

"ఏటన్నాది డాక్టరమ్మ?" అడిగాడు పోలిరాజు, కిటికీ వైపు చూస్తూ.

సిద్ధం చేసుకున్న మాట నాలుక దాకా వచ్చింది.

"నాకూ ఎడతారంట బావా వాతలు" అన్నాడు నీలకంఠం. "నీకొకటే. నాకు మూడంట."

ఆఖరి బొత్తాం పడ్డాక పోలిరాజు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"అబద్ధమాడకు బావా. నీ లివర్లో మచ్చే నేదని కీర్తన ఆ రోజే నా సెవిలో సెప్పింది. ఓర్సుకోనేకే గదా నాను సొక్కా ఎత్తాను."