పెన్ను పుచ్చుకోని డాక్టరు

"ఈ డాక్టరు అమ్ముడుపోయాడు" అని కుర్చీలో కూర్చోకముందే తేల్చేశాడు మామయ్య.

ఆయన రిటైరైన పోలీసు ఇన్‌స్పెక్టరు. ఇంట్లో పంచదార డబ్బా కాస్త వెలితైనా వేలిముద్రల కోసం వెతికే రకం.

కోడలు నగల షాపులో పనిచేస్తుంది. గాజులు తన చేతికి తొడుక్కుని చూపించడమే ఆమె ఉద్యోగం. ఇప్పుడు ఆ చేతులే ఎర్రగా కందిపోయి, పొట్టు రేగుతున్నాయి. నెలాఖరుకు తగ్గకపోతే వేరే మనిషిని చూసుకుంటానన్నాడు యజమాని. మంచి చర్మవైద్యుణ్ణి వెతికే పని మామయ్య నెత్తినేసుకున్నాడు.

"చూడమ్మా" అని గొణిగాడు. "గడియారం మీద హంస. క్యాలెండరు మీద హంస. పెన్ను మీదా అదే హంస! అంతా ఒకే క్రీముల కంపెనీ. వాళ్ల ఉప్పు తిన్నవాడు మన చెయ్యి చూస్తాడా?"

డాక్టరు చెయ్యి చూశాడు. గాలికి మండుతోందని గమనించి ఫ్యాను కూడా ఆపాడు.

"గిన్నెలు తోమే సబ్బు మార్చారామ్మా?"

"అవునండీ, ఈమధ్యే."

"పాతదే వాడండి. మందేమీ అక్కర్లేదు."

బయటికి రాగానే మామయ్య కళ్లెగరేశాడు. "మందు రాయలేదు చూశావా? తగ్గక మళ్లీ వస్తామని ఎత్తు!"

రెండో డాక్టరు గదిలో బోసి గోడలు. తలుపుకి బోర్డు: 'మందుల కంపెనీల వారికి ప్రవేశం లేదు.' జేబులో సొంత ఇంకు పెన్ను. దాంతో కాగితం నిండా క్రీములు రాసి, కింద షాపులోనే దొరుకుతాయన్నాడు.

మామయ్య కళ్లు చెమర్చాయి. "నిజాయితీ ఉన్నచోట బిల్లు చూడకూడదమ్మా!"

నెలాఖరుకు చేతులు నున్నబడ్డాయి. కొత్త గాజులు మళ్లీ కోడలి చేతికే ఎక్కాయి.

"చూశావా నా ఎంపిక!" అన్నాడు మామయ్య మీసం దువ్వుతూ.

"కోప్పడకండి మామయ్యా. ఆ క్రీముల సంచీ నేను విప్పనే లేదు. మళ్లీ పాత సబ్బే వాడానంతే."

మామయ్య గతుక్కుమన్నాడు. సంచీ విప్పి ఒక్కో డబ్బా బయటికి తీశాడు. ప్రతి డబ్బా మీదా హంస!

నేరుగా రెండో డాక్టరు ముందుకెళ్లి డబ్బాలన్నీ బల్ల మీద కుమ్మరించాడు. "మీరూ ఆ కంపెనీ పెన్నులు పుచ్చుకున్నవారేనన్నమాట!"

డాక్టరు చిన్నబుచ్చుకున్నాడు.

"ఎంత మాటన్నారండీ! నా కంపెనీ పెన్నులు నేనే పుచ్చుకుంటే, మిగతా డాక్టర్లకేం పంచను?"