కొట్టే ముందు

“పట్టుకోండి! ఆ పిల్ల వాడి పిల్ల కాదు!”

పండ్ల బండాయన కేకకు బస్టాపులో ఉన్న జనమంతా ఒక్కచోటికి చేరారు. మధ్యలో ఒక మనిషి బిక్కచచ్చి నిలబడ్డాడు. గోడలకు రంగులేసే పనివాడని చొక్కా మీది మరకలే చెబుతున్నాయి. గడ్డం మాసి ఉంది. అతని భుజం మీద ఏడాది నిండని పాప, ఇస్త్రీ మడత నలగని తెల్లగౌనులో, గుక్కపట్టి ఏడుస్తోంది. ఎండ తగలకుండా తలమీద తువ్వాలు కప్పి ఉంది.

“నా కూతురండీ. ఫోన్లో ఫొటోలున్నాయి, చూపిస్తా.”

జేబులోంచి తీసేలోపే ఎవరో చేతిమీద కొట్టారు. ఫోను ఎగిరి మురిక్కాలవలో పడింది.

“వాళ్ళమ్మ వస్తోంది. ఒక్క నిమిషం ఆగండి.”

“వస్తుంది, ఎందుకు రాదూ!” బండాయన తన ఫోను పైకెత్తాడు. “పొద్దున్నే మెసేజి వచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందట. ముందు మగాడు పిల్లతో ఉంటాడట. దొరికిపోతే వెనకాలే ఒకత్తె వచ్చి, నేనే తల్లినని ఏడుస్తుందట. రానీ, ఇద్దరికీ కలిపే వడ్డిద్దాం!”

ఒకడు రంగులాయన కాలరు పట్టుకున్నాడు. ఇంకొకడు బెల్టు ఊడదీశాడు.

“ఆగండి!”

గొంతు కంచులా మోగింది. మందుల షాపు మెట్ల మీద కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకావిడ నిలబడి ఉంది. జనాన్ని తోసుకుంటూ వచ్చి అతని ఎదురుగా నిలబడింది. ఆ గొంతుకి పాప ఇంకా గట్టిగా ఏడుపందుకుంది.

రంగులాయన ఆవిడను చూసి నోరు తెరిచాడు.

“మీరు మాట్లాడకండి,” అని గద్దించిందావిడ. “అడిగినదానికే జవాబు చెప్పండి.” తర్వాత బండాయన వైపు తిరిగింది. “ఆ మెసేజి ఎవరు పంపారు?”

“మా బావమరిది, టీచరమ్మా.” ఆ గొంతు విని టీచరే అనుకున్నాడు పాపం.

“ఆయన చూశాడా ఆ ముఠాని?”

“లేదు. ఆయనకెవరో పంపారట.”

“ఏ ఊళ్ళో జరిగిందో రాసుందా?”

బండాయన ఫోనులోకి తొంగిచూశాడు. “ఊరి పేరు... లేదండీ.”

“పోనీ, పిల్ల పోయిందని వెతుక్కుంటూ ఇటువైపు ఎవరైనా వచ్చారా?”

“రాలేదమ్మా,” అన్నారెవరో.

“పిల్లని ఎత్తుకొచ్చినవాడు, ఇంత ఏడుస్తున్న పిల్లతో, ఇంతమంది మధ్య బస్సు కోసం ఎదురుచూస్తూ నిలబడతాడా?”

బెల్టు పట్టుకున్నవాడి చెయ్యి కాస్త కిందికి దిగింది. బండాయనకు మాత్రం ఓడిపోవడం ఇష్టం లేదు.

“సరే, కన్నతండ్రే అయితే పిల్ల పుట్టినరోజు చెప్పమనండి!”

రంగులాయన తడబడ్డాడు. “పదో తారీఖు... కాదు, పన్నెండు... అదీ...”

“చూశారా!” జనం కేకలేశారు. కాలరు మీద పట్టు మళ్ళీ బిగిసింది.

ఆవిడ చేతిసంచి పట్టీని గట్టిగా పిడికిట్లో నొక్కుకుంది.

“పుట్టినరోజు గుర్తులేనివాడల్లా దొంగైతే, మా ఇంట్లోనూ ఒక దొంగున్నాడు. ఏమయ్యా, నీ కొడుకు పుట్టినరోజు ఎప్పుడు?”

“మావాడిదా?” బండాయన తల గోక్కున్నాడు. “వర్షాలప్పుడండీ. తారీఖంటే... మా ఆవిడకి తెలుసు.”

జనంలో నవ్వులు పుట్టాయి. ఆ నవ్వుల్లో సగం కోపం కొట్టుకుపోయింది.

“తండ్రికి తెలిసే సంగతి అడగాలి,” అందావిడ. “స్నానం చేయించినవాడికి తెలుస్తుంది. చెప్పండి, పాప ఒంటి మీద పుట్టుమచ్చ ఎక్కడుంది?”

“ఎడమ మోకాలి వెనకండీ,” ఈసారి అతను తడుముకోలేదు. “నువ్వుగింజంత ఉంటుంది. కుడి తొడ మీద దూది అంటించి ఉంటుంది. ఇప్పుడే ఆసుపత్రిలో సూది వేయించాం. అందుకే ఈ ఏడుపు.”

“నువ్వే చూడమ్మా,” అంది పక్కనున్న ముసలావిడ.

“నేనొద్దు పెద్దమ్మా. మీరే చూసి అందరికీ చెప్పండి. తువ్వాలు మాత్రం తీయకండి, ఇంతమందిని చూస్తే పాప జడుసుకుంటుంది.”

ముసలావిడ గౌను అంచు పైకి జరిపింది. ఒక కాలు చూసింది, రెండో కాలు చూసింది. వంగిన నడుము ఒక్కసారిగా నిటారైంది.

“ఉంది! మచ్చా ఉంది, దూదీ ఉంది. పాపిష్టి వెధవల్లారా, కన్నతండ్రిని చంపేసేవాళ్ళు కదరా!”

కాలరు వదిలినవాడు దాన్ని తనే సరిచేశాడు. బెల్టువాడు జనం చాటుకు తప్పుకున్నాడు. ఎవరో చొక్కా చేతులు మడుచుకుని కాలవలో చెయ్యిపెట్టి ఫోను తీసి తుడిచిచ్చారు. బండాయన బత్తాయిలు ఏరి కవరులో వేసి రంగులాయన చేతికిస్తూ, “నాకూ పిల్లలున్నారన్నా, ఆ భయంతోనే...” అన్నాడు. ఆ మెసేజి అప్పుడే అందరి ముందూ చెరిపేశాడు.

బస్సు వచ్చింది. రంగులాయన పాపతో వెనక తలుపు ఎక్కాడు. కళ్ళద్దాలావిడ ముందు తలుపు ఎక్కింది.

“చల్లగా ఉండు తల్లీ, దేవతలా వచ్చావు!” అంది కిందినుంచి ముసలావిడ.

“దేవతలెందుకు పెద్దమ్మా, ఎవరో ఒకరు అడిగితే చాలు,” అని చెయ్యూపిందావిడ.

బస్సు మలుపు తిరిగింది. బస్టాపు కనుమరుగైంది. అంతసేపూ నిబ్బరంగా నిలబడ్డ ఆవిడ సీట్లు పట్టుకుంటూ వెనక్కి నడిచి, రంగులాయన పక్క సీట్లో కూలబడింది. కళ్ళద్దాలు తీసింది. కన్నీళ్ళు జారుతుంటే తుడుచుకోకుండానే రెండు చేతులూ చాపింది.

“ఇక నా కూతుర్ని నాకివ్వండి.”