పరాంకుశం కథలు

“ఇందులో రైలు లేదు, గార్డు లేడు, లాంతరైతే అసలే లేదు!” ఫణికుమార్ నవలని బల్ల మీద విసిరాడు. “వరసగా మూడోది భాయ్. మీరు చెప్పిన కథ ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి.”

గౌలిపుర సందులో అద్దె పుస్తకాల షాపు నడిపే అబ్దుల్ వాహెద్‌కి ఏమీ పాలుపోలేదు. నవల తీసి అట్ట చూశాడు. రైలుంది, లాంతరు పట్టుకున్న మనిషీ ఉన్నాడు. లోపల ఏముందో ఆయనకేం తెలుసు? తెలుగు మాట్లాడటమే వచ్చు, చదివింది ఉర్దూ. అందుకే షాపులో ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పుస్తకం వాపసు తెచ్చినవాళ్లు కూర్చుని కథ చెప్పి మరీ పోవాలి. ఆ కథనే తర్వాత వచ్చినవాళ్లకి ఊరించి ఊరించి చెప్పి పుస్తకం అంటగట్టేవాడు.

“గార్డు కథ మస్తుంటది సాబ్. నా చెవులతోని విన్న.”

“నేనూ మీ దగ్గర వినే ఆఫీసంతా చెప్పాను. డిటెక్టివ్ పరాంకుశం సిరీస్ చదవని బతుకూ ఒక బతుకేనా అన్నాను. పన్నెండు మందిని మీ షాపులో చేర్పించాను. ఇప్పుడు మా సూపరింటెండెంట్ ‘ఏవయ్యా, నీ గార్డేడీ?’ అని అందరి ముందూ నవ్వుతున్నాడు.” ఫణికుమార్ గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువగా ఉంది. “రోజంతా ఫైళ్లతో చచ్చి, బస్సులో వేలాడి వస్తాను. ఒక్క గంట పరాంకుశంతో గడుపుదామంటే అదీ మోసమేనా? గార్డు ఏ నవల్లో ఉన్నాడో ఇవాళ చూపించండి. లేదంటే మేం పదమూడు మందిమీ మానేస్తాం.”

వాహెద్ మనసులోనే లెక్కేసుకున్నాడు. ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చాక షాపుకి మిగిలింది ఈ ఆఫీసు వాళ్లే. వాళ్లూ పోతే ఇక షట్టర్ దించుకోవడమే.

“పరాంకుశం కథలన్ని నాకు కృష్ణమ్మనే చెప్పింది సాబ్. ఆమె వచ్చే టైమే. ఆమెనే అడుగుదాం.”

కృష్ణమ్మది ఆ సందులోనే నాలుగు బర్రెలున్న ఇల్లు. తెల్లారకముందే లేచి పాలు పితికి, ఇల్లిల్లూ తిరిగి పోసి, పేడ ఎత్తి, సాయంత్రానికి నడుం పట్టుకుని వస్తుంది. ఇవాళా చంకలో ఒక పరాంకుశం నవలతో వచ్చింది.

“ఏంది భాయ్ లొల్లి?”

“ఏం లేదక్కా. దీంట్ల గార్డు లేడంటున్నడు ఈ సాబ్. జర తీసి చూపియ్యి.”

ఆమె వాహెద్ చేతిలోని నవల అందుకుని పేజీలు తిప్పింది. ఒకచోట ఆగి, వేలు పెట్టి మొదలుపెట్టింది.

“యాకుత్‌పురా టేషన్ దాటంగనే బండి ఆగింది. చెయిన్ ఎవ్వరు గుంజలే. గార్డు లాంతరు పట్టుకొని దిగిండు. పట్టాల నడుమ జత చెప్పులున్నయి. వంగి చూస్తే గవి ఆయనవే! మరి కాళ్లకున్నవి ఎవ్వరియి?”

స్టూలు లాక్కుని ఎప్పుడు కూర్చున్నాడో ఫణికుమార్‌కే తెలియదు. “ఎవరివి?” అన్నాడు. అంతలోనే తేరుకుని చెయ్యి చాచాడు. “ఇదే, ఈ కథే! ఆ పేజీ నంబరు చెప్పమ్మా. మా సూపరింటెండెంట్ మొహాన పెడతాను.”

కృష్ణమ్మ ముఖం చిన్నబోయింది. పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది.

“ఏ పేజీల లేదు సారు. అట్ట మీది బొమ్మ చూసి అల్లిన. అన్ని గట్లనే అల్లిన.”

“అన్నీనా?” వాహెద్ నోరు తెరిచాడు. “రెండేండ్ల సంది గిన్ని కథలు! బుక్కుల ఉన్నది చెప్తే అయిపోతుండె గదా అక్కా, ఎందుకింత పరేషాన్ పడ్డవ్?”

“నేను పాలు పోసే ఇంటోళ్లు బుక్కు ఇచ్చి రమ్మంటే మొదటిసారి నీ దుకాణంకొచ్చిన. నువ్వు కూసోవెట్టి కథ చెప్పమన్నవ్. పొద్దుందాక అందరి మాట ఇనుడే నా పని. నా మాట కూసొని ఇన్నది నువ్వొక్కనివే భాయ్. నాకు చదువు రాదంటే ఇంటుంటివా?”